కొసరు పట్టీలు

కొత్త కమాన్ కట్టలను సగం ధరకు కొని, వాటి మీద నాలుగు పట్టీలు కొసరు కూడా వేయించుకున్న మొనగాణ్ణి హిందూపురం బజారులో ఇంకొకణ్ణి చూపించండి. చూపించలేరు. కూరగాయల మీద కొసరు అడిగేవాళ్లున్నారు, పాల మీద అడిగేవాళ్లున్నారు, పూలు మూరేసేటప్పుడు అడిగేవాళ్లున్నారు. జీపు కింద బిగించే ఇనుము మీద కొసరు అడిగి పుచ్చుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఉత్తపుణ్యానికి వచ్చిన సరుకును మూలన పడేయడం మా వంశంలో లేదు కాబట్టి ఆ నాలుగు పట్టీలనూ జీపుకే బిగించాను. జీపు నాలుగంగుళాలు లేచింది. మా ఆవిడ నడుం పడిపోయింది.

కమాన్ కట్ట అంటే తెలియనివాళ్లకు చెబుతాను. పాత జీపుల్లో ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య విల్లులా వంచిన ఇనుప పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగా బిగిస్తారు. చక్రానికొకటి చొప్పున నాలుగు కట్టలు. చక్రం గుంతలో పడినప్పుడు ఆ దెబ్బకు అవి వంగాలి, వంగి దాన్ని అక్కడే మింగేయాలి, సీట్లో కూర్చున్న మనిషి దాకా రానివ్వకూడదు. పట్టీలు ఎక్కువైతే కట్ట బలుస్తుంది, బలిసిన కట్ట వంగనని మొండికేస్తుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా ధర ఒక్కటే.

మాది అంగళ్ల కుటుంబం. తాతది కిరాణా, నాయనది బట్టలు. పురిటి వాసన పోకముందే నన్ను గల్లాపెట్టె పక్కన గోనెసంచి మీద పడుకోబెట్టారట. చెప్పిన ధరకు వస్తువు కొని ఇంటికి తెచ్చినవాణ్ణి మా ఇంట్లో జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవారు. మా అవ్వ ఆస్పత్రిలో సూదిమందుకు కూడా బేరమాడింది. కాంపౌండరు వేగలేక రెండు మాత్రలు కొసరిచ్చాడు. ఆ మాత్రలు ఏ రోగానికో ఎవరికీ తెలియదు, అయినా చాలాకాలం డబ్బాలో దాచింది. నేను ఆ అవ్వ మనవణ్ణి. అందరూ మెచ్చుకోలుగా అంటారు ఆ మాట. ఇప్పుడు ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఆవిడా నేనూ చేసేది చీరల వ్యాపారం. ధర్మవరంలో మగ్గాల దగ్గరికే పోయి పట్టుచీరలు ఎత్తుతాం. హిందూపురం, గోరంట్ల, చిలమత్తూరు వైపు పెళ్లిళ్లు పెట్టుకున్న ఇళ్లకు తీసుకుపోయి అమ్ముతాం. చీర చూసేది ఆమె. చాపమీద కూర్చుని కొంగు వెనక్కి తిప్పి పోగులు చూస్తుంది, అంచును వేలితో తడుముతుంది, జరీని గోటితో గీరి చూస్తుంది. నేతగాళ్ల ఆడవాళ్లు ఆమెకే ఫోన్ చేస్తారు, నాకు కాదు. నా పని బేరం ఒక్కటే. అందులో మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. నేను భుజం మీది టవల్ తీసి మెడ తుడుచుకున్నానంటే ఆమె చేతిలోని చీరను కింద పెట్టేయాలి. ఇంక ఒక్క మాట అడగకూడదు. గోడ వైపు చూడాలి. కొనేవాళ్ల ఆడమనిషికి సరుకు నచ్చిందని తెలిస్తే అమ్మేవాడు మెట్టు దిగడు కదా. ఇన్నేళ్లలో ఆ టవల్‌ను ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు.

జీపు పాతది, డీజిల్‌ది, అదీ బేరమాడి కొన్నదే. దాని కమాన్లు ఎప్పుడో అణిగిపోయి బల్లపరుపుగా అయిపోయాయి. గుంతలో పడితే ఇనుముకు ఇనుము తగిలి టంగుమని మోగేది. ఆ మోత నేరుగా మా ఆవిడ నడుములోకి పోయేది. రెండో కాన్పు నుంచీ ఆమెకు నడుం నొప్పి ఉంది. వెనక చీరల మూటను ఆనుకుని, పళ్లు బిగించి కూర్చునేది. ఒకరోజు పెనుకొండ దాటాక జీపు ఆపమంది. దిగి, రోడ్డు పక్కన రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి, నింపాదిగా చెప్పింది.

"ఇంగ నా శాతగాదయ్యా. కమాన్లన్నా మార్చు, పెండ్లాన్నన్నా మార్చు. ఏది అగ్గవైతే అది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కొత్త కమాన్ల కథ అక్కడ మొదలైంది. ఆమె నడుం కోసం మొదలైంది. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను మరిచిపోయాను.

హిందూపురంలో కమాన్లు చేసే షాపుకు పోయాను. ఆ షాపతనికి మర్యాద తక్కువ. నేను జీపు గురించి చెబుతుంటే మొహం కూడా ఎత్తలేదు. ఎవరు కూర్చుంటారు, వెనక ఎంత బరువు వేస్తావు అని రెండే ప్రశ్నలు అడిగాడు. ఇద్దరం మనుషులం, చీరల మూటలు అన్నాను. పలుచటి పట్టీల సెట్టు, కంపెనీ ఇచ్చిన ఎత్తే, దానికి తగ్గ షాకబ్జర్లు, బిగింపుతో కలిపి ఇరవై ఆరు వేలు అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. అతను వెనక గోడకున్న బోర్డు వైపు గడ్డం ఎత్తాడు. ఒకే ధర, బేరము లేదు.

ఆ బోర్డును చూసి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. బేరం లేదని నా మొహాన రాసి పెడతాడా? మా తాత ముందు ఇలాంటి బోర్డు పెడితే దాని ధర అడిగి, సగానికి కొనుక్కుపోయేవాడు. ఇంకో మాట మాట్లాడకుండా బయటికొచ్చేశాను. ఒక మనిషి సరైన వస్తువును సరైన ధరకు ఇస్తానంటే అవమానంగా తోచి లేచి వచ్చినవాణ్ణి నేను. ఇంతకంటే బుద్ధితక్కువ పని ఇంకేదన్నా ఉంటే అది నేను తర్వాత చేసిందే.

ఎత్తు పిచ్చి ఎక్కడ అంటుకుందో కూడా చెప్పాలి. ఆదివారాల్లో బెంగళూరు నుంచి కుర్రాళ్లు గుంపుగా జీపులేసుకుని పెనుకొండ కొండ కిందికి వస్తారు. ఆ జీపులు కాళ్లకు కర్రలు కట్టుకుని నడిచేవాళ్లలాగా ఉంటాయి. చక్రాలు మన నడుం దాకా వస్తాయి. టీ కొట్టు దగ్గర వాళ్లలో ఒకడు నా జీపు చుట్టూ తిరిగి చూసి, బండి మంచిదే గానీ పొదిగే కోడిలా కూర్చుందన్నాడు. వయసులో నా కొడుకులాంటివాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. మా తాత అంగట్లో గద్దెను జానెడు ఎత్తున కట్టించుకున్నాడు, కొనేవాళ్లు తల ఎత్తి ధర అడగాలని. అలాంటి ఇంటివాణ్ణి కోడి మీద కూర్చుని తిరుగుతున్నానా? రాళ్లూ రప్పలూ ఎక్కే పని నాకేముంది? మేం పోయే చోటల్లా తారు రోడ్డే, గుంతలున్నా తారు రోడ్డే. అయినా ఆ రోజు నుంచి ఏ జీపును చూసినా నా కళ్లు దాని చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య సందునే కొలిచేవి.

పెనుకొండలో రోడ్డు పక్కనే ఒక ఇనుప సామాన్ల యార్డు ఉంది. విప్పేసిన బండ్ల భాగాలూ, ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోని కొత్త సామానూ అమ్ముతాడు దాని యజమాని. ధర్మవరం పోతూ అక్కడ ఆగాం. నాలుగు కమాన్ కట్టలు కొత్తవి, నల్లరంగు ఆరని నిగనిగతో, మంచి వంపుతో కనబడ్డాయి. జీపును ఎత్తు లేపే సెట్టు అన్నాడు. వాటితో పాటు కట్టను చాసిస్‌కు వేలాడదీసే లింకులు, మామూలు వాటికన్నా పొడవైనవి, అవీ ఉన్నాయి. వేస్తే బండి సింహం మాదిరి నిలబడుతుందన్నాడు. ఇరవై రెండు వేలన్నాడు. నేను పదివేలన్నాను. అతను ఆకాశం చూశాడు, నేను రోడ్డు చూశాను. అతను తను కొన్న ధరే అంతకంటే ఎక్కువన్నాడు, నేను తుప్పు మొదలైందన్నాను. ఇద్దరం ఒకరికొకరం చానా నచ్చాం.

బేరం పదిహేను దాకా దిగినప్పుడు మా ఆవిడ జీపు దిగి, చేత్తో నడుం పట్టుకుని నెమ్మదిగా మా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, ఇవి ఏస్తే మెత్తగుంటాదా? నడుముకు దెబ్బ తగలకుంటే సాలు మాకు."

"లోడు పడితే మెత్తగుంటాదమ్మా" అన్నాడు అతను.

"ఎంత లోడు పడాల?"

అతను నోరు తెరిచాడు. అతను ఏం చెప్పబోయాడో నాకు తెలియదు. నేను టవల్ తీసి మెడ తుడుచుకున్నాను.

ఆమె నన్ను చూసింది. ఒక్క క్షణమే. తర్వాత తల తిప్పి, అక్కడ గోడ లేదు కాబట్టి, పేర్చిన పాత టైర్ల వైపు చూస్తూ నిలబడింది.

ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది. తన నడుం గురించి, తను కూర్చోబోయే సీటు గురించి ఒక మనిషి అడిగింది. దాన్ని నేను చీర సరుకు కింద లెక్కేసి నోరు మూయించాను. ఎందుకూ? ఆమె ఆశగా అడిగితే అతను రెండు వేలు మెట్టెక్కుతాడని. అతను ఎక్కలేదు. పదమూడు వేలకు దిగాడు. పదమూడంటే హిందూపురం ధరలో సరిగ్గా సగం. నా గుండె అంగట్లో దీపావళిలా వెలిగింది.

అంతటితో ఆగానా? ఇంత ఇనుము కొంటుంటే కొసరు లేదా అన్నాను. అతను ఒక్కసారిగా నవ్వి, లోపలికి పోయి, ఏదో సామాన్ల బండివి నాలుగు పట్టీలు తెచ్చి కింద పడేశాడు.

"కట్టకొకటి ఏసుకో పో అన్నా. నా పేరు సెప్పుకో."

అంత సులువుగా ఇచ్చేవాణ్ణి మా తాత అయితే అనుమానించేవాడు. నేను ఫోన్‌లో దుడ్లు కొట్టేసి, పక్క షెడ్డులోనే బిగించమన్నాను.

సాయంత్రానికి జీపు తయారైంది. ఎంత ఎత్తుందంటే నేను సీట్లో కూర్చుంటే ఆటోల కప్పులు కనిపించాయి. మోటారు సైకిళ్లవాళ్ల నడినెత్తి కనిపించింది. టీ కొట్టు దగ్గరివాళ్లు వచ్చి చుట్టూ తిరిగి, మడ్‌గార్డు కింద పిడికిళ్లు పెట్టి కొలిచి, అదిరిందన్నారు. నాకు ఆ మాట చాలింది. మా ఆవిడ మాత్రం కింద నిలబడి సీటు వైపు చూస్తోంది. ఎక్కేందుకు మెట్టు ఆమె మోకాలికి పైన ఉంది.

చీర కట్టుకున్న మనిషి అంత ఎత్తుకు కాలెత్తాలంటే కుచ్చిళ్లు ఎక్కడిదాకా పట్టుకోవాలో ఏ మగవాడూ ఆలోచించడు. ఈ దేశంలో జీపు ఎత్తు కొలిచేవాళ్లందరూ ప్యాంట్లు వేసుకున్నవాళ్లే. పొగిడినవాళ్లు పక్కకు పోలేదు, మొహాలు తిప్పుకోలేదు. టీ గ్లాసులు చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఆమె ఒక చేత్తో చీర, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఒకసారి ఎక్కబోయి దిగింది. రెండోసారి నేను వెనకనుంచి తోశాను. మూటను ఎత్తినట్టు ఎత్తాను. ఎవడో కిసుక్కుమన్నాడు. వాణ్ణి ఆ రోజు కొట్టనందుకు నాకు ఇప్పటికీ బాధే. కానీ వాడికంటే ముందు కొట్టాల్సినవాడు స్టీరింగ్ దగ్గర కూర్చోబోతున్నాడు.

ధర్మవరం బయలుదేరాం. జీపు గుంతలో పడటం మానేసి గుంతను తన్నడం మొదలుపెట్టింది. పాత కమాన్లు కనీసం అణిగేవి. ఇవి అణగలేదు. టన్ను సరుకు పడితే వంగాల్సిన ఇనుము, ఇద్దరు మనుషులనూ ఖాళీ గుడ్డ సంచులనూ చూసి ఎందుకు వంగుతుంది? ప్రతి గతుకుకూ సీటు కిందనుంచి ఎగదన్నేది. ఎత్తు పెరగడంతో పాత షాకబ్జర్లు అందక, ప్రతిసారీ చివరిదాకా లాగి టక్కుమని కొట్టేవి. బ్రేకు వేస్తే ముందుకు, మలుపు తిప్పితే పక్కకు, బండి మొత్తం తూలేది. నేను మాత్రం అద్దంలో నా వెనక వస్తున్న కారు ఎంత పొట్టిగా ఉందో చూసుకుంటున్నాను.

"కొత్తవి గదా, నాలుగు దినాలు పోతే అవే సర్దుకుంటాయిలే" అన్నాను.

"చెప్పులా అవి?" అంది.

కొత్తచెరువు దగ్గర హంపును నేను చూసుకోలేదు. జీపు లేచి దిగింది. ఆమె నోట్లోంచి సన్నగా ఏదో శబ్దం వచ్చింది. నేను కమానే కిర్రుమందేమో అనుకున్నాను.

ధర్మవరంలో మేం ఎప్పుడూ పోయే నేతగాళ్ల వీధిలో జీపు ఆపాను. ఆమె దిగలేదు. దిగమన్నాను. దిగలేనంది, కాళ్లు తనవి కానట్టున్నాయంది. ఆ ఇంటి ఇల్లాలు, మా ఆవిడకు చెల్లెలి కింద లెక్క, మగ్గం గుంతలోంచి లేచి బయటికి వచ్చింది. జీపును కిందినుంచి పైకి ఒకసారి చూసింది.

"ఏం సావుకారూ, పెండ్లాన్ని అటక మీద పెట్టుకోని తెచ్చినావే" అంది.

ఇంతలో ఇద్దరు ఆడవాళ్లు లోపలినుంచి బల్ల తెచ్చి వేసి, మా ఆవిడను మెల్లగా, చెట్టు మీద కాయ దించినట్టు దించారు. చాప మీద పడుకోబెట్టి, ఉప్పు వేయించి గుడ్డలో కట్టి నడుముకు కాపడం పెట్టారు. గుంత మగ్గంలో కూర్చుని కూర్చుని వాళ్ల నడుములూ అంతంత మాత్రమే, ఆ మూట ఆ ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నేను గడప బయట నిలబడ్డాను. నన్ను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

మా ఆవిడ పడుకునే చీరలు చూసింది. ఒక్కొక్కటీ మొహం మీదికి తెప్పించుకుని వేలితో అంచు తడిమింది. ఒకటి నచ్చినట్టుంది. ధర ఎంతని తనే అడిగింది. ఇంటామె చెప్పింది. అలవాటుగా నా చెయ్యి టవల్ మీదికి పోయింది. ఆమె అటు చూడనే లేదు.

"సరేలే, ఇస్తా" అంది, చెప్పిన ధరకే.

తిరిగి వచ్చేటప్పుడు జీపెక్కనంది. వాళ్లే ఆటో పిలిచి స్టేషన్‌కు తీసుకుపోయి, పాసింజరు రైల్లో కింది బల్ల మీద పడుకోబెట్టి, హిందూపురం వస్తున్న ఒక చుట్టాన్ని తోడిచ్చి పంపారు. నేను ఆ ఎత్తైన జీపులో ఒక్కణ్ణే, ఎగురుకుంటూ, తూలుకుంటూ, ఇంటికి చేరాను. దారంతా ఎవరిని తిట్టానో లెక్కలేదు. రోడ్డు వేసినవాళ్లను, హంపు కట్టినవాళ్లను, బెంగళూరు కుర్రాణ్ణి, టీ కొట్టువాళ్లను.

డాక్టరు స్కానింగ్ చూసి, డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. నడుముకు బెల్టు, మంచం మీద విశ్రాంతి, మందులు. ఏ బండిలో తిరుగుతారని అడిగాడు. మా ఆవిడ నన్ను చూపించి, ఆయన్నడగండి అంది. జీపు అని మాత్రం చెప్పి, దాని ఎత్తు సంగతి మింగేశాను.

ఆ కోపం మొత్తం మూటగట్టుకుని పెనుకొండ యార్డుకు పోయాను. అతను టీ తెప్పిస్తానన్నాడు. నీ టీ నాకొద్దన్నాను. మెత్తగుంటాదని చెప్పి మోసం చేశావన్నాను, సామాన్ల బండి పట్టీలు మనుషుల జీపుకు అంటగట్టావన్నాను, నా పెండ్లాం మంచానపడిందన్నాను. చుట్టూ నలుగురు చేరారు. అతను నేను ఆయాసపడేదాకా ఆగాడు.

"నేనేం దాసినానప్పా? లోడు పడితే మెత్తగుంటాదనే గదా సెప్పినా. ఎంత లోడని ఆయమ్మ అడిగిందా లేదా?"

"అడిగింది. అయితే నువ్వు సెప్పలేదే?"

"నువ్వు టవాలు తీస్తివి గదా. నాది గూడా అంగిడేనన్నా. మా ఇంట్లో మేము చెవి గోక్కుంటాము."

చేరినవాళ్లలో ఒకతను నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. మా రహస్యం అనుకుని ఇన్నేళ్లు వాడిన సైగ ప్రతి అంగడివాడికీ తెలిసిందే. ధర్మవరం నేతగాళ్లకు తెలియదా మరి? నేను టవల్ తీసినప్పుడల్లా వాళ్లు లోలోపల ఎంత నవ్వుకుని ఉంటారో. అతను నిజం చెప్పి ఉండాల్సింది, అది వేరే మాట. ఆడమనిషి నడుం పట్టుకుని అడిగితే మగడి సైగను చూసి నోరు మూసుకున్నవాణ్ణి నేను ఈ రోజుకీ క్షమించలేదు. కానీ అతని మీద ఎంత మండినా, ఆ మంట చివరికి నా దగ్గరికే వస్తుంది. నేను అడిగిందే అతను ఇచ్చాడు. కొసరుతో సహా.

ఆ తర్వాత కూడా బుద్ధి రాలేదు. పదమూడు వేలు పోసిన ఇనుమును విప్పి పడేయడానికి చేతులు రాలేదు. లోడు పడితే మెత్తగుంటాదన్నాడు కదా అని వెనక ఇసుక బస్తాలు వేసుకుని తిరిగాను. ఒక మనిషి మెత్తగా కూర్చోవడానికి ఊరి ఇసుకంతా మోసుకు తిరిగే బండిని మీరెప్పుడన్నా చూశారా? డీజిల్ నీళ్లలా తాగింది. చిలమత్తూరు రోడ్డులో ఒక రైతు ఆపి, ఇసుక ఎంతకిస్తావని అడిగాడు. మెత్తదనం వెనక చక్రాలకు కొంచెం వచ్చింది, ముందు చక్రాలు ఎప్పటిలాగే తన్నాయి. షాకబ్జర్లు పగిలి నూనె కక్కితే పొడవువి వేయించాను. ఎత్తు లేచినందువల్ల ఇంజన్ నుంచి వెనక ఇరుసుకు తిరిగే షాఫ్టు వంకరగా తిరిగీ తిరిగీ, దాని జాయింటు గోరంట్ల దగ్గర నడిరోడ్డు మీద ఊడిపడింది. బస్సులోని జనం కిటికీల్లోంచి తల బయటపెట్టి, కొత్తగా ఎత్తు పెంచిన జీపును చూశారు. వాళ్లకు బాగానే కనబడి ఉంటుంది.

ఈలోగా పెళ్లి ముహూర్తాలు వచ్చాయి. నేను ఒక్కణ్ణే ధర్మవరం పోయి చీరలు ఎత్తుకొచ్చాను. వాటిలో సగానికి సగం ఎవరూ ముట్టుకోలేదు. నేను కొన్నవి చవకవి, అదొక్కటే వాటి గుణం. మా ఆవిడ మంచం మీదనుంచే ఒక చీరను తెరిచి చూసి, మళ్లీ మడిచి, పక్కన పెట్టింది.

చివరికి హిందూపురంలో ఆ బోర్డున్న షాపుకు పోయాను. అతను నన్ను గుర్తుపట్టాడు, పట్టినట్టు మొహం పెట్టలేదు. ఎవరు కూర్చుంటారు, ఎంత బరువు అని మళ్లీ అవే రెండు ప్రశ్నలు. ఈసారి నేను జవాబు కాస్త పొడుగ్గా చెప్పాను. మా ఆవిడ కూర్చుంటుంది, నడుం దెబ్బతింది, చీర కట్టుకుని ఎక్కుతుంది, బరువు మూడు మూటల చీరలు మాత్రమే. అతను ఇనుము రేటు పెరిగింది, ఇరవై ఎనిమిది వేలన్నాడు. నా గొంతులో వంద మాటలు వచ్చాయి. మా తాత, నాయన, అవ్వ, అందరూ వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టే అనిపించింది. సరే అన్నాను. అతను నా వైపు అనుమానంగా చూసి, దుడ్లు ముందే ఇవ్వమన్నాడు. ఇచ్చాను.

పలుచటి పట్టీలు, కంపెనీ ఎత్తు, పొట్టి లింకులు. జీపు మళ్లీ కోడిలా కూర్చుంది. నడిపి చూశాను. గుంతలో పడితే మెల్లగా మునిగి, ఒకసారి ఊగి, ఊరుకుంది. పెనుకొండ దాకా పోయి వచ్చాను. సీటు మీద నీళ్ల సీసా పెట్టుకుని, అది పడిపోకుండా వచ్చాను. ఇంటి ముందు ఆపి, ఆమెను బయటికి పిలిచాను. అప్పటికి ఆమె లేచి తిరుగుతోంది, బెల్టు మీద చీర కట్టుకుని. మెట్టు మీద చెయ్యి వేసి ఎత్తు చూసింది. సీటును అరచేత్తో నొక్కింది. ఎక్కి కూర్చుంది. ఇబ్బంది లేకుండా ఎక్కింది. నేను వీధి చివరిదాకా తీసుకుపోయి, కావాలనే గుంతలన్నీ ఎక్కించి తీసుకొచ్చాను.

"మెత్తగుండాదా?" అన్నాను.

"ఉండాది. బాగుండాది."

"అయితే ఈ వారం పోదామా ధర్మవరం?"

ఆమె దిగి, కొంగు సర్దుకుంది.

"నువ్వు పో, గోరంట్లోళ్ల చీరలు ఇచ్చేసి రా. ధర్మవరం నేను రైల్లో పోతా. స్టేషన్ కాణ్ణుంచి వాళ్లే వచ్చి పిల్సుకోని పోతారు."

"ఇంగ నడుముకేం కాదే. ఇంత మెత్తగుంటే."

"నడుముకని కాదయ్యా. ఆడ నేను అడగాల్సింది అడగాల. నువ్వు పక్కనుంటే నాకు నీ మెడ కాడికే కన్ను పోతాది."

అరవలేదు, ఏడవలేదు. చీర ధర చెప్పినంత మామూలుగా చెప్పి లోపలికి పోయింది. నేను ఆ టవల్ వాడనని ఒట్టు పెడదామనుకున్నాను. ఒట్టుకు కూడా బేరం పెట్టినట్టు అవుతుందేమోనని ఊరుకున్నాను. అప్పటినుంచీ వారం వారం ఆమె రైల్లో పోతోంది. నాకంటే కొంచెం ఎక్కువ పెట్టే కొంటోంది, ఒక్క చీరా మిగలడం లేదు. నేను ఆమె తెచ్చిన చీరలను నా మెత్తటి జీపులో ఊళ్లకు తిప్పుతున్నాను. పక్క సీట్లో మూట కూర్చుంటుంది. దానికి నడుం లేదు.

ఇక ఖర్చు. అంగడివాణ్ణి కాబట్టి చేతిలోంచి పోయింది మాత్రమే రాస్తాను, పోయిన బేరాలూ అమ్ముడుపోని చీరలూ ఊహ కిందికి వస్తాయి, వాటిని కలపను. పెనుకొండ కట్టలకు పదమూడు వేలు, వాటిని బిగించినందుకు రెండున్నర వేలు. ఆమె ఎక్కడానికని కొన్న, ఆమె ఒక్కసారీ కాలు పెట్టని ప్లాస్టిక్ స్టూలుకు మూడు వందల యాభై. పొడవు షాకబ్జర్లకు ఆరు వేల నాలుగు వందలు, గోరంట్లలో ఊడిన జాయింటుకు మూడు వేల ఎనిమిది వందలు. ఇసుక బస్తాలు మోసినందుకు అదనంగా పోయిన డీజిల్, తగ్గించకుండా, రెండు వేలు. డాక్టరు, స్కానింగ్, బెల్టు, మందులు పదకొండు వేల ఏడు వందలు. చివరికి బోర్డున్న షాపులో ఇరవై ఎనిమిది వేలు. మొత్తం అరవై ఏడు వేల ఏడు వందల యాభై. విప్పిన ఇనుమంతా కాటా వేసి అమ్మితే రెండు వేల తొమ్మిది వందలు వచ్చింది, బేరమాడకుండానే ఇచ్చేశాను. నికరం అరవై నాలుగు వేల ఎనిమిది వందల యాభై రూపాయలు. మొదటి రోజే ఊరుకుని ఇచ్చి ఉంటే ఇరవై ఆరు వేలు. ధర్మవరం రైలు టికెట్టు ఇందులో రాయలేదు. అది ఆమె తన డబ్బుతో కొనుక్కుంటోంది, నన్ను అడగలేదు.